మాణిక్యం మెడ దగ్గర

నేను ఒక కత్తిని. కంగారు పడకండి, ఇంతవరకూ వంకాయను కూడా కోసిన పాపాన పోలేదు. నూనె రంగులు కలపడం, తప్పు పడినచోట గీకెయ్యడం, ఇదే నా పని. కర్ర పిడి, పల్చటి ఉక్కు రేకు, వంచితే వంగే నడుము. ఎక్కడో పెద్ద ఊళ్ళో మిషను కింద పుట్టి, నాటకాల తెరలమీద బొమ్మలు వేసే ఒకాయన చేతికి వచ్చాను. ఆయన చెయ్యి వణకడం మొదలయ్యాక నన్ను తన శిష్యుడు ముక్తేశ్వర్రావుకి ఇచ్చేశాడు. అప్పటినుంచి కాకినాడలో ముక్తేశ్వర్రావు మేడమీద గదిలోనే నా కాపురం.

ముక్తేశ్వర్రావు తన సరదాకి పళ్ళూ కూరగాయలూ ఇత్తడి చెంబులూ వేసేవాడు. తిండికోసం మనుషుల్ని వేసేవాడు. తమాషా ఏమిటంటే, ప్రాణం లేని గుమ్మడికాయ వచ్చి కిటికీ పక్క కుర్చీలో దర్జాగా కూర్చునేది. మనుషులు మాత్రం పోయాక, ఫొటోల్లో వచ్చేవారు. బతికున్నవాళ్ళకి పటం వేయించడం అపశకునమని ఆ వీధుల్లో గట్టి నమ్మకం.

గుమ్మడికాయ మీద మచ్చ ఉంటే మచ్చ వేసేవాడు. తీసెయ్యమని గుమ్మడికాయ అడగదు కదా. మనుషుల తాలూకు వాళ్ళు ఊరుకోరు. "మా నాన్నగారికి ఆ మెడమీద కంతి తీసేద్దురూ, బాగోదండీ" అనేవారు. అప్పుడు నేను రంగంలోకి దిగేదాన్ని. కంతులు, గంట్లు, ముడతలు ఎన్ని గీకానో! బొమ్మ పూర్తయ్యాక నా మొన నల్లరంగులో ముంచి ఒక మూల దిష్టిచుక్క పెట్టేవాడు. దిష్టి తగలకుండా చుక్క పెట్టించుకున్న వంకాయలు ఇంకెక్కడా ఉండవు.

ఒకరోజు ఆయన భార్య మాణిక్యం, కుర్చీలోని గుమ్మడికాయను తీసి కింద పెట్టి, తాను కూర్చుంది.

"నన్నెయ్యండి."

"బుద్దుందా? బతికుండగా పటవేంటే?"

"ఊళ్ళో పోయినోళ్ళందర్నీ ఏసేరు. నన్ను మాత్రం చూసి ఎయ్యండి."

ఆ గొంతులో సరసం లేదు. ఆయన గమనించలేదు. నాకు మాత్రం ఆ మాట ఎందుకో నచ్చలేదు.

మొహం చక్కగా కుదిరింది. మెడ దగ్గరే వచ్చింది చిక్కు. కుడివైపు గీత బయటికి ఉబ్బింది. "చెయ్యి చెడింది" అని గొణుక్కుని నన్ను తీశాడు. గీకాను. మర్నాడు మళ్ళీ వేశాడు. మళ్ళీ అక్కడే, అదే ఉబ్బు. పళ్ళు కొరుకుతూ మళ్ళీ గీకించాడు. గురువుగారికి వచ్చిన వణుకు తనకూ వస్తోందని భయం పట్టుకుంది. పిడిమీద ఆయన బొటనవేలి చెమట నాకు తెలుస్తోంది. వణుకు మాత్రం తెలియలేదు. ఆ చెయ్యి నిలకడగానే ఉంది. చెబుదామంటే నాకు నోరేదీ!

మూడోసారి కూడా ఉబ్బే వచ్చింది. నన్ను తీసి కాన్వాసు దగ్గరికి తెచ్చాడు. అంతలో మాణిక్యం పక్కనున్న టీ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగింది. ఆయన చూపు బొమ్మమీంచి ఆవిడ మెడమీదికి పోయింది. అక్కడ ఏదో పైకి కదిలి, మళ్ళీ కిందికి దిగింది.

నేను గాలిలోనే ఆగిపోయాను.

"ఇంకో గుక్క తాగు."

"ఏంటండీ?"

"తాగవే!"

తాగింది. మళ్ళీ కదిలింది.

ఆయన వెళ్ళి రంగు చేత్తోనే ఆవిడ మెడ తడిమాడు. నీలం అంటుకుంది. ఏళ్ళ తరబడి జనం కోసం కంతులు చెరిపిన మనిషి, భార్య మెడమీది కంతిని తన చేతి తప్పనుకున్నాడు.

"ఎప్పట్నించే?"

"ఆషాఢం నించి. గుటకేస్తే అడ్డం పడతంది. మీకు చెప్పి గోలెందుకులెమ్మని..." ఆవిడ తల దించుకుంది. "రేపు నన్ను కూడా ఫొటో చూసే ఎయ్యాల్సొస్తదేమోనని బయవేసిందండీ. అందుకే వచ్చి కూకున్నాను."

ముక్తేశ్వర్రావు నన్ను రంగులు కలిపే పలకమీద పడేసి, చొక్కా అయినా మార్చుకోకుండా, ఆవిణ్ణి తీసుకుని మెట్లు దిగిపోయాడు. నన్ను తుడవకుండా వదిలెయ్యడం అదే మొదలు.

రోజులు గడిచినా తలుపు తెరుచుకోలేదు. నామీద రంగు పొరకట్టి, గట్టిపడింది. టీ గ్లాసుకి చీమలు పట్టాయి. కుర్చీ పక్కన గుమ్మడికాయ మెత్తబడి వాసన వేసింది. కాన్వాసులోంచి మాణిక్యం నావైపే చూస్తోంది. గీకడం తప్ప ఏమీ ఎరగని నేను, ఆ మొహం చెరిగిపోకూడదని మొక్కుకున్నాను.

చివరికి మెట్లమీద చెప్పుల చప్పుడు. ఒక జతే. నాకు ఆశ చచ్చిపోయింది. తలుపు తోసుకుని ముక్తేశ్వర్రావు వచ్చాడు. ఆయన భుజం పట్టుకుని, ఉత్తకాళ్ళతో, మెల్లిగా మాణిక్యం. మెడమీద ఎర్రటి కుట్లు.

ఆవిడ బొమ్మను చాలాసేపు చూసింది. ఆపరేషన్‌తో గొంతు బొంగురుపోయింది.

"కంతి తీసేసేరు, చెడ్డది కాదన్నారు. మరి ఇక్కడా గీకేస్తారా?"

"గీకనే. చూసిందే ఏసేను. అలాగే ఉంటది."

ఎండిన రంగు గీకేసి, టర్పెంటైన్‌తో నన్ను శుభ్రంగా తుడిచాడు. మొన నల్లరంగులో ముంచాడు. కాన్వాసు మూలకి పోవడానికి సిద్ధమయ్యాను. ఆయన ఆవిడవైపు తిరిగాడు. ఎంతైనా నేను కత్తిని, ఎదురుగా పచ్చి కుట్లున్న మెడ. మాణిక్యం బెదరలేదు, బుగ్గ ఇటు తిప్పింది. దానిమీద చుక్క పెట్టాడు.

ఇప్పుడు నా మొన విరిగింది. ఎండిపోయిన బ్రష్షులతోపాటు డబ్బాలో పడి ఉన్నాను. ఎదురుగోడమీది పటానికి దిష్టిచుక్క లేదు. అది పెట్టించుకున్న మనిషి కింద వంటింట్లోంచి, టీ చల్లారిపోతోందని బొంగురు గొంతుతో ఆయన్ని కేకలేస్తోంది.