మూడేళ్ల గడువు

పొద్దున సెమీఫైనల్ ఓడిపోయారు. మధ్యాహ్నం బిర్యానీ తిని, ఆ చేత్తోనే మేనేజరు సంగతి కూడా తేల్చేద్దామని కూర్చున్నారు ముగ్గురు. దమ్మామ్‌లో తబ్రేజ్ కిరాణా కొట్టు వెనక గది అది. క్రికెట్ జట్టు పెట్టిన నాటినుంచీ రూలు ఒకటే: కొట్టు యజమాని తబ్రేజ్, పాత కెప్టెన్ నాగేందర్, ఇప్పుడు స్కోరు రాస్తున్న జనార్దన్ కూర్చుని తేల్చాలి. ముగ్గురిలో ఇద్దరు ఎటంటే అటు.

జనార్దన్‌ది ఏసీలు బాగుచేసే పని. మూడేళ్ల కిందటి దాకా ఈ జట్టుకి ఓపెనింగ్ బ్యాటింగ్ అతనిదే. అప్పుడే అమర్నాథ్ అనే కాకినాడ ఇంజినీరు మేనేజరుగా వచ్చాడు. "ముప్పై అయిదు దాటినవాళ్లు తప్పుకోండి. కుర్రాళ్లతో మళ్లీ మొదట్నుంచి కడతాను, మూడేళ్లు టైమివ్వండి" అన్నాడు. జనార్దన్ చేతిలో బ్యాటు తీసుకుని స్కోరు పుస్తకం పెట్టాడు. ఆ రోజు ఏడ్చి ఉంటే పీడా పోయేది. ఏడుపు రాలేదు. అప్పట్నుంచీ నవ్వూ కోపమూ ఏదీ సరిగ్గా రావడం లేదు.

వచ్చే శనివారం అతనికి ఫైనల్ ఎగ్జిట్, వీసా రద్దు చేసుకుని ఊరికి. పదిహేడేళ్ల సౌదీ బతుకు అయిపోయినట్టే. దానికి ముందురోజు ఒక ఫ్రెండ్లీ మ్యాచ్ ఉంది.

"నా మాట ఇనురా," అన్నాడు నాగేందర్ చెవి దగ్గరికి వంగి. "ఆయన్ని తీసేద్దాం. శుక్రారం మన పాతోళ్లమే దిగుదాం. నువ్వే ఓపెనింగ్. ఒక్కపారి ఆడి ఇంటికి పో."

మోకాలి మీద జనార్దన్ వేళ్లు బ్యాటు పట్టుకున్నట్టు వాటంతటవే ముడుచుకున్నాయి. అతను వాటిని చూసి విప్పుకున్నాడు.

తబ్రేజ్ లెక్క అడిగితే జనార్దన్ చదివాడు. "మొదటి ఏడు పన్నెండు ఆడితే ఒకటి గెలిచినం. రెండో ఏడు నాలుగు. ఈ ఏడాది ఏడు."

"కప్పేది మరి?" నాగేందర్ గయ్యిమన్నాడు. "మూడేండ్లని జెప్పిండా లేదా?"

"అరే భయ్, మనల్ని ఓడించిన టీములో ముగ్గురు మన పోరగాళ్లే కదా! ఉదయకిరణ్‌కు బౌలింగ్ ఎవరు నేర్పిండ్రు?" అన్నాడు తబ్రేజ్.

నేర్పింది అమర్నాథే. లేబర్ క్యాంపు నుంచి వాణ్ని తీసుకొచ్చి రెండేళ్లు నేర్పాడు. కాంట్రాక్టు అయిపోగానే వాడు కఫీల్‌ని, అంటే వీసా పూచీ ఉన్న యజమానిని, మార్చుకుని వేరే కంపెనీకి, ఆ కంపెనీ జట్టుకీ వెళ్లిపోయాడు. పొద్దున నాలుగు వికెట్లు తీశాడు. ఏం తెలివండీ! ప్లాంట్లకి షెడ్యూళ్లు వేసే పెద్దమనిషి, రెండేళ్ల కాంట్రాక్టు పిల్లలతో మూడేళ్ల జట్టు కట్టబోయాడు. గల్ఫ్‌లో ఎవడికైనా తట్టాల్సిన సంగతే. ఒక్కరికీ తట్టలేదు. జనార్దన్‌కీ తట్టలేదు.

తబ్రేజ్ ఉంచుదామన్నాడు. నాగేందర్ తీసేద్దామన్నాడు. ఇద్దరూ జనార్దన్ వైపు చూశారు.

అతను పేజీలు తిప్పాడు. తన పేరున్న చివరి పేజీలో పదకొండు పరుగులు, రనౌట్. ఆ తర్వాతవన్నీ పిల్లల పేర్లే, తన చేతిరాతే. ముందు సున్నాలు, తర్వాత ఇరవైలు, ఈ ఏడు యాభైలు. ఇప్పుడు దీన్ని తుడిచేస్తే తను మూడేళ్లు ఎండలో పక్కన కూర్చున్నది దేనికి?

"ఉంచుండ్రి," అన్నాడు.

"పిచ్చి లేసిందార నీకు? ఆడకుంటనే పోతవా?"

"పోత."

కొట్టులో నిలబడి ఉన్న అమర్నాథ్‌ని పిలిచి చెప్పారు. అతను ముగ్గురితో చేతులు కలిపి, ఫోనులో శుక్రవారం జాబితా తీశాడు. "స్కోరుకి మీరేగా, జనార్దన్ గారూ?"

"శనివారం ఆయనకు ఎగ్జిట్," అన్నాడు తబ్రేజ్.

అమర్నాథ్ మొహం చిన్నబోయింది. "చెప్పలేదేంటండీ! ఉండండి, పదకొండులో మీ పేరు పెడతాను."

"ఎవర్ని ఆపుతరు సార్?"

అమర్నాథ్ జాబితా పైనుంచి కిందికి చూశాడు. మళ్లీ పైకి వెళ్లాడు. ఏ పేరు దగ్గరా వేలు ఆగలేదు.

"గందుకే వద్దు," అన్నాడు జనార్దన్. "ఈసారి గడువు రెండేండ్లే పెట్టుకోండ్రి సార్. మూడు పెట్టకుండ్రి."

కొత్త పేజీ తీసి, అమర్నాథ్ చెబుతుంటే శుక్రవారానికి పదకొండు పేర్లూ రాశాడు. అడుగున స్కోరరు అని ఉన్నచోట, మూడేళ్లుగా ఖాళీగా వదిలేసిన గడిలో, తన పేరు రాసుకున్నాడు.