గుమ్మడికాయ గడి

ఆ పుస్తకం చేతికొచ్చేదాకా శాంత ఏమీ రాసి ఎరగదు. అయిదో తరగతితో బడి మానేశాక ఆమె రాసిందల్లా సంతకమే. అదీ ఎవరూ తొంగి చూడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని. అలాంటి మనిషికి యాభై నాలుగేళ్ళ వయసులో, రేపల్లె నుంచి ఐర్లండ్ వచ్చిన మూడో రోజున, కూతురు కిరణ్మయి ఒక నోటు పుస్తకమూ పెన్నూ ఇచ్చింది.

"నాకెందుకే ఇవి? నేనేం రాస్తాను?"

"అంకెలు వచ్చుగా అమ్మా. మూడు పూటలా టెంపరేచర్ చూసి రాయి, చాలు. నేను మేడ మీద కాల్స్‌లో ఉంటే దిగి రాలేను."

మనవరాలు సుధేష్ణకి ఆరేళ్ళు. రక్తంలో కేన్సరని తేలి నాలుగు నెలలైంది. అల్లుడు దినేశ్‌కి దూరాన రింగాస్కిడీ రేవు దగ్గర మందుల ఫ్యాక్టరీలో పని. సోమవారం కారేసుకుని వెళ్తే మళ్ళీ గురువారం సాయంత్రమే రాక. మిగిలిన రోజుల్లో ఆడమ్స్‌టౌన్‌లోని ఆ ఇంట్లో ఉండేది ఆడవాళ్ళు ముగ్గురూ, గుమ్మానికి వేలాడే బూడిద గుమ్మడికాయా.

పుస్తకంలో పూటకి రెండు గళ్ళు. ఒకటి పిల్లది, ఒకటి కాయది. మధ్యలో గీత ఆస్పత్రిలో పెద్ద డాక్టరమ్మే స్కేలు పెట్టి గీసింది.

దిష్టి తగలకుండా అమావాస్య నాడు పసుపూ కుంకుమా పెట్టి ఉట్టిలో కట్టిన కాయ అది. పిల్లకి జబ్బని తెలిసిన మర్నాటి నుంచీ పిల్ల ఒంట్లో వేడి ఎంతుంటే కాయకీ అంతే. చలికి వణుక్కుంటూ వచ్చిన పోస్టతను ఉత్తరాలిచ్చి, రెండు చేతులూ దానికి ఆనించి కాచుకుని పోతాడు. పక్కింటి బ్రీడాకి డెబ్భై ఏళ్ళు. చెత్త డబ్బా లాక్కెళ్తూ ఆగి, కాయని నిమిరి, "గ్రాండ్ టుడే" అని శాంతకి బొటనవేలు చూపిస్తుంది. మందులకి జుట్టంతా ఊడిపోయిన సుధేష్ణ దానికి మర్ఫీ అని పేరు పెట్టుకుంది.

"మర్ఫీ అండ్ మీ, సేమ్ హెయిర్‌కట్ అమ్మమ్మా!" అనేది. శాంత నవ్వి, వంటింట్లోకెళ్ళి కళ్ళు తుడుచుకునేది.

ఆమెకి ఆ ఇంట్లో ఒకటే భయం. ముప్పై ఎనిమిది. ఊళ్ళో లెక్కన నూరు దాటినట్టే. అంకె అక్కడికి వచ్చిందంటే గంటలోపు పిల్ల ఆస్పత్రిలో ఉండాలి. ఒంట్లో రోగాన్ని ఆపే బలం లేదు, ఏ చిన్న క్రిమి చేరినా ప్రాణం మీదకి వస్తుందని డాక్టర్లు చెప్పారట. "మనంతట మనం జ్వరం బిళ్ళ మాత్రం వెయ్యకూడదమ్మా. వేస్తే జ్వరం దాక్కుంటుంది, లోపల పని లోపల జరిగిపోతుంది" అని కిరణ్మయి పదిసార్లు చెప్పింది. శాంత పదిసార్లూ తలూపింది. అప్పట్నుంచీ జపం లెక్కపెట్టుకున్నా ముప్పై ఏడు తరవాత ముప్పై తొమ్మిదే అనేది.

ఆ బుధవారం పొద్దుట్నుంచీ ముసురు. నాలుగింటికి శాంత పిల్ల చెవిలో థర్మామీటరు పెట్టింది. ముప్పై ఏడు పాయింటు ఎనిమిది.

కిందటిసారి ఇలాగే మొదలై అయిదు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. మందుల కోసం ఛాతీలో అమర్చిన గొట్టంలోకి సూది గుచ్చుతుంటే పిల్ల ఈమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని అరిచిన అరుపు ఇంకా చెవిలోనే ఉంది.

సుధేష్ణ అమ్మమ్మ ముఖం చూసి అంకె చదివేసింది.

"డోంట్ టెల్ మమ్మీ. శనివారం డాడీ బిగ్ షిప్ చూపిస్తానన్నాడు. ప్లీజ్ అమ్మమ్మా, నో హాస్పిటల్."

పైనుంచి కిరణ్మయి ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడుతోంది. శాంత పెట్టె తెరిచింది. ఊరి నుంచి తెచ్చుకున్న బిళ్ళలు రుమాల్లో మూటకట్టి ఉన్నాయి. ముగ్గురు బిడ్డల్ని ఆ బిళ్ళలతోనే పెంచింది. ఇంకా ముప్పై ఎనిమిది రాలేదు కదా అనుకుంది. రాకుండా చేస్తే జబ్బు కూడా రాదనుకుంది. సగానికి విరిచి, తేనెలో రంగరించి నాకించింది.

అయిదింటికి చెమట పట్టింది. ముప్పై ఏడు. అదే రాసింది. రెండో గడి రాయాలంటే గుమ్మంలోకి వెళ్ళాలి. వెళ్ళలేదు. పుస్తకం మూసి దాని మీద పప్పుల డబ్బా పెట్టింది.

అయిదున్నరకి కిరణ్మయి దిగొచ్చింది.

"ఎంతుందమ్మా?"

"ముప్పై ఏడు."

"మర్ఫీది?"

"చూళ్ళేదే. వాన కదా."

ఆ మాట నోట్లో ఉండగానే తలుపు దబదబా మోగింది. తీస్తే బ్రీడా. కాలిన వేళ్ళు ఊదుకుంటోంది. ఆమె వెనక ఉట్టిలో కాయ మీద పడ్డ ప్రతి చినుకూ వేడి పెనం మీద పడ్డట్టు చుయ్‌మంటోంది. గుమ్మమంతా ఆవిరి.

"యువర్ మర్ఫీ ఈజ్ బాయిలింగ్, లవ్. వేర్ ఈజ్ ద చైల్డ్?" అందామె.

కిరణ్మయి కాయకి థర్మామీటరు ఆనించింది. అంకె ముప్పై తొమ్మిదిన్నర, చేతికి మాత్రం నిప్పే. పరిగెత్తి పిల్లకి పెట్టింది. ముప్పై ఏడు. మళ్ళీ కాయకి, మళ్ళీ పిల్లకి. మధ్యలో నిలబడిపోయింది.

"ఇలా ఎప్పుడూ లేదమ్మా. ఎప్పుడూ లేదు."

శాంత నోరు తెరిచింది. బ్రీడా అప్పటికే కారు తాళాలు తెచ్చేసింది.

డబ్బా కింది పుస్తకం సంచీలో వేసుకుని, కాయని తువ్వాల్లో చుట్టి శాంత ఒళ్ళో పెట్టుకుంది. దారిపొడుగునా తొడలు కాలిపోతున్నాయి.

"కింద పెట్టొచ్చుగా అమ్మా."

"వద్దులే."

పక్కనే సుధేష్ణ కిటికీ మీద వేలితో ఓడ బొమ్మ గీసుకుంటోంది. "ఐయామ్ గ్రాండ్, మమ్మీ," అంది. పెదాలు మాత్రం తెల్లగా ఉన్నాయి.

వార్డులో ఆ సాయంత్రం డ్యూటీ ప్రిస్కిల్లాది. తెనాలి పిల్ల. కిందటిసారి శాంతకి తన డబ్బాలోంచి పులిహోర పెట్టిన నర్సు. రక్తం తీసి పంపింది, ఛాతీలో సూది ఎక్కించింది. కాయని బేసిన్లో పెట్టి మంచం కింద ఉంచింది. కుర్ర డాక్టరొచ్చి పిల్లని చూశాడు, వంగి కాయని చూశాడు, నుదురు గోక్కున్నాడు.

"ఇంట్లో పారాసెటమాల్ ఏమన్నా ఇచ్చారా?"

"నో నో, మాకు తెలుసు," అంది కిరణ్మయి, కాస్త రోషంగా. అంతలో దినేశ్ ఫోను. మాట్లాడుతూ బయటికెళ్ళింది.

డాక్టరు ప్రిస్కిల్లాతో ఏదో అంటున్నాడు. శాంతకి ఆ ఇంగ్లీషులో ఒక్క ముక్కే అర్థమైంది. వెయిట్. ఆగుదామంటున్నాడు. ఒళ్ళు చల్లగా ఉంటే ఎవరైనా ఆగుదామనే అంటారు. మంచం కింద బేసిన్లో కాయ కుతకుతమంటోంది. పిల్ల కాలిగోళ్ళు నీలం తిరుగుతున్నాయి.

శాంత ఎన్నడూ పరాయి మనిషి చెయ్యి పట్టుకుని ఎరగదు. ప్రిస్కిల్లా మణికట్టు పట్టుకుంది.

"బిళ్ళ వేశానమ్మా."

"ఏ బిళ్ళ పిన్నిగారూ?"

"జ్వరం బిళ్ళ. సగం. నాలుగింటికి. అందుకే దానికి చల్లగా ఉంది. కాయ చెప్పేదే నిజం. ఆగొద్దని చెప్పు తల్లీ, నీకు పుణ్యముంటుంది."

ప్రిస్కిల్లా ఒక్క క్షణం ఆమె కళ్ళలోకి చూసి డాక్టరు వైపు తిరిగింది. రెండు వాక్యాలు. అంతే, అతను పరుగు. పది నిమిషాల్లో మందు సీసా వేలాడింది, గొట్టంలో చుక్కలు మొదలయ్యాయి.

"డాక్టరుకి నేను చెప్పాను. మీ అమ్మాయికి మాత్రం మీ నోటితోనే చెప్పాలి. నేనంటే బావుండదు," అంది ప్రిస్కిల్లా.

మందు ఎక్కుతుండగానే పిల్లకి వణుకు మొదలైంది. మంచం ఊగిపోయింది. మిషన్లు కుయ్యోమన్నాయి. ఆరుగురు చుట్టూ మూగారు, ఫోను ముగించి వచ్చిన కిరణ్మయిని ఒకామె భుజాలు పట్టుకుని ఆపింది. శాంత గోడకి ఆనుకుని, వాళ్ళ కాళ్ళ సందుల్లోంచి బేసిన్నే చూస్తోంది. లోలోపల జపం లెక్కపెట్టుకుంది. ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది. ఈసారి దాటెయ్యలేదు. ఆ అంకె మీద ఆగి దణ్ణం పెట్టుకుంది.

ఎంతసేపటికో మంచం కింద ఠప్పుమంది. కాయ నిలువునా చిట్లింది. వేడి నీళ్ళు బేసిన్ నిండా కారి, పొగలు చిమ్మి, మెల్లగా చల్లారాయి. పైన వణుకు తగ్గింది.

"సమయానికి మందు ఎక్కింది. ఇంకో గంట ఆగి ఉంటే ఏమయ్యేదో," అన్నాడు డాక్టరు. కిరణ్మయి తల్లి మెడ కౌగిలించుకుని ఏడ్చింది.

"నువ్వుండబట్టి సరిపోయిందమ్మా. నాకు ధైర్యమే నువ్వు."

ఆ మాట శాంతకి తొడల మీద కాలిన చోటు కంటే మండింది.

తెల్లారింది. వాన వెలిసింది. కాయ తోలు మెత్తగా ముడుచుకుపోయి బేసిన్లో పడి ఉంది. సుధేష్ణ కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగింది. కిరణ్మయి కుర్చీలో కూర్చుని టీ కప్పు చల్లారబెట్టుకుంటోంది.

శాంత సంచీలోంచి పుస్తకం తీసింది. నిన్నటి సాయంత్రం కాయ గడి ఖాళీగా ఉంది. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా రాయడం మొదలుపెట్టింది. గడి చాలలేదు. అక్షరాలు గీత దాటి పిల్ల గళ్ళోకి పోయాయి. పెన్ను పట్టిన వేళ్ళు నెప్పెట్టేదాకా రాసింది.

"వాట్ ఆర్ యూ రైటింగ్ అమ్మమ్మా? నంబర్సా?"

"కాదే బంగారూ. మాటలు."

"ఐ కాంట్ రీడ్ తెలుగు. నువ్వు చదువు."

కిరణ్మయి కప్పు పక్కన పెట్టి తలెత్తింది. శాంత ఆమె ముఖం వైపు చూడలేదు. పుస్తకం రెండు చేతులా పట్టుకుని, మూడో తరగతిలో పంతులుగారి ముందు నిలబడ్డట్టు లేచి నిలబడి, కూతురికి కూడా వినపడేలా చదివింది.

"నిన్న నాలుగింటికి పిల్లకి జ్వరం బిళ్ళ సగం వేశాను. వేసింది నేనే. భయమేసి వేశాను. కాయని చూస్తే తెలిసిపోతుందని చూడలేదు."