పైన్ చెట్టు దగ్గర ఎడమకు

2012లో కురుమయ్యకు ముప్పైమూడేళ్ళ పదకొండు నెలలు. ఇంకో నెలైతే వయసు మించిపోతుంది, ఇక ఏ సర్కారు పరీక్షకూ పనికిరాడు. అడవిశాఖ బీట్ ఆఫీసర్ రాతపరీక్ష ఎలాగో గట్టెక్కాడు. నాలుగు గంటల్లో పాతిక కిలోమీటర్ల నడక పరీక్ష మిగిలింది. "ఇదొక్కటే సూస్త. ఇది గూడ పోతే నువ్వు గూడ నాతోని తట్ట వట్టాలె," అని పెళ్ళాం బాలనాగమ్మ తేల్చి చెప్పేసింది. ఐదేళ్ళుగా కవాడిగూడ బస్తీలో గది కిరాయి, అతని కోచింగు, అతని చాయ్ అన్నీ ఆమె సిమెంటు మోసిన కూలితోనే నడుస్తున్నాయి.

నడక పరీక్షకు చేయాల్సింది నడవడం. ఆ ముక్క కోచింగు సెంటర్ల అశోక్ నగర్‌లో ఎవడికి తడుతుంది? అక్కడ దేనికైనా ముందు మెటీరియల్ కావాలి. జిరాక్సు షాపు ప్రేమ్‌సాగర్ ఇంటర్నెట్టులో వెతికి, ఎక్కడో అమెరికా కొండల మీద పైన్, ఆస్పెన్ చెట్ల అడవిలో ఒక చుట్టు ఎలా పరుగెత్తాలో రాసిన కాగితం పట్టాడు. తెలుగు చేయించి, అట్ట వేసి అమ్మకానికి పెట్టాడు. మూడు వందల అడుగులు తిన్నగా. పైన్ చెట్టు దగ్గర ఎడమకు. వాగు దాటాలి. తెల్ల బెరడు ఆస్పెన్ల వరుస రాగానే కుడికి.

"అన్న, అడవి నౌకరంటే అడవిల్నే గద నడిపిస్తరు? గిదే రూటు వస్తది," అన్నాడు. కురుమయ్య నమ్మేశాడు. నమ్మడా మరి!

రెండు రోజుల్లో కాగితం కంఠతా పట్టేసి గల్లీల్లో ప్రాక్టీసు మొదలుపెట్టాడు. మెస్సు ముందు పారే మురుగునీళ్ళు వాగు. సున్నం కొట్టిన హాస్టలు స్తంభాలు ఆస్పెన్లు. పైన్ చెట్టే దొరకలేదు. కరెంటు స్తంభం అనుకుందామంటే దాని చుట్టూ బండ్లు పెడుతున్నారు. చివరికి, పొద్దున్నే అడ్డా మీద కూలి కోసం నిలబడే బాలనాగమ్మ కనిపించింది. నిటారుగా ఉంది, ఆకుపచ్చ చీర కట్టింది.

"జర గట్లనే నిలవడు. నువ్వు పైన్ చెట్టువి."

"నీ మొకం! మేస్త్రి పిలిస్తే పోవాల్నా వద్దా?"

"పిలిసేదాంక చెట్టువే."

ఇరవై రోజులు ఆమె తిట్టుకుంటూనే చెట్టుగా నిలబడింది. అడ్డా మీదివాళ్ళు నవ్వీ నవ్వీ విసిగిపోయారు. కురుమయ్య కాళ్ళకు మాత్రం అలవాటైపోయింది. బాలనాగమ్మ కనిపిస్తే చాలు, ఎడమకు తిరిగేవాడు. ఇంట్లో అన్నానికి పిలిచినా అంతే, పోయి గోడకు తగిలేవాడు.

పరీక్ష రోజు అడవికీ తీసుకెళ్ళలేదు, గుట్టకీ తీసుకెళ్ళలేదు. బోడి గ్రౌండు. దాని చుట్టూ అరవై రెండు చుట్లు కొట్టమన్నారు. బాలనాగమ్మ ఆ రోజు పని మానుకుని, సద్ది డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. విజిల్ మోగింది. మూడు వందల అడుగులు నడిచిన కురుమయ్య ఆమెను చూశాడు, ఎడమకు తిరిగాడు, గేటు దాటి రోడ్డెక్కాడు. వెనకాలే అదే కాగితం కొన్న ఇంకో నలుగురు. ఆ నలుగురూ సాయంత్రానికి నారాయణగూడ చౌరస్తాలో దొరికారు, ఇంకా వాగు వెతుక్కుంటూ.

ఐదేళ్ళ చాకిరీ కళ్ళముందే గేటు దాటిపోతుంటే బాలనాగమ్మ ఎట్లా ఊరుకుంటుంది? పరుగెత్తి, చొక్కా పట్టి లోపలికి ఈడ్చుకొచ్చింది. రెండో చుట్టుకు మళ్ళీ గేటువైపే తిరిగాడు.

"ఓరి నీ పాడుగాను! చెట్టు కాడికొస్తేనే గద తిరుగుతవు? నా కాడికెట్లొస్తవో సూస్త!"

చీర చెంగు నడుముకు దోపి అతనికి నాలుగడుగుల ముందు నడవడం మొదలుపెట్టింది. చెట్టే నడుస్తుంటే అతను చేరేదెప్పుడు, తిరిగేదెప్పుడు? బుద్ధిగా వెంట పోయాడు.

సిమెంటు తట్టతో నాలుగంతస్తులెక్కే మనిషికి అదొక నడకా! ముప్పయ్యో చుట్టుకు సగంమంది కూలబడ్డారు. కురుమయ్యకు నోరు పిడచగట్టింది.

"చెట్టూ, జర నిమ్మలంగ!"

"నోరు మూస్కొని రా!"

గడువుకు ఆరు నిమిషాలుందనగా, అందరికంటే ముందు బాలనాగమ్మ గీత దాటింది. ఆమె వెనకే దాటిన కురుమయ్య నేలమీద పడిపోయాడు. ఆఫీసరు అతని నంబరు పక్కన పాస్ అని రాయడం చూసి, సిగ్గు లేకుండా ఏడ్చేశాడు.

ఆఫీసరు బాలనాగమ్మ వైపు చూశాడు. ఛాతీ మీద నంబరు లేదు, చేతిలో సద్ది డబ్బా ఉంది.

"ఈమె ఎవరయ్యా?"

"చెట్టు సార్," అన్నాడు కురుమయ్య ఆయాసపడుతూ.

ఆఫీసరు నవ్వి కాగితాలు మూయబోయాడు. బాలనాగమ్మ వాటిమీద చెయ్యి పెట్టింది.

"చెట్టు గాదు సార్. బాలనాగమ్మ."

"లిస్టుల నీ పేరు లేదు గదమ్మా."

"లేకుంటే ఏంది? అందరికన్న ముందు నేనే గద వచ్చిన. రాయుండ్రి."