రెండు చేతుల మాట

జయకుమారి కొత్త ఫోను అద్దాన్ని బొటనవేలితో నాలుగోసారి రుద్దింది. అద్దం పలకలేదు. ఎలా పలుకుతుంది? ఇరవై రెండేళ్లు మిర్చి షెడ్డులో కాయల తొడిమలు తుంచీ తుంచీ ఆ వేలు చెక్కలా గట్టిపడిపోయింది. రేషన్ మిషన్‌కే దాని ముద్ర అందదు.

"మెల్లగా తాకక్కా. తొడిమ గిల్లినట్టు గిల్లమాక," అన్నాడు సెల్‌షాపు గౌస్ బాషా.

"నా బటన్ల ఫోనే నయం. నొక్కితే నొక్కినట్టుండేది."

మరి ఈ పీడ ఎందుకు తగిలించుకున్నట్టు? ఫెబా కోసం. చెల్లెలు ఫెబాకు పుట్టుకతోనే వినిపించదు, మాట రాదు. అమ్మానాన్నలు పోయాక అక్కచెల్లెళ్లిద్దరూ ఒకే గదిలో నెట్టుకొచ్చారు. వాళ్ల మాటలన్నీ చేతుల్లోనే, ఏ బడిలోనూ నేర్పనివి. గాల్లో తొడిమ తుంచితే షెడ్డు. రెండు అరచేతులూ నుదుటికి ఆనిస్తే ఆదివారం ఆరాధన. అదే చేతులు ముక్కు దగ్గరకు దిగితే పాస్టరమ్మ గారి చేపల పులుసు.

మిరప ఘాటుకు జయకుమారి ఛాతీ పాడైంది. షెడ్డు మానెయ్యమన్నాడు డాక్టరు. కువైట్‌లో ఒకరింట్లో వంటపని దొరికింది, రెండేళ్లకు. ఈరోజు మధ్యాహ్నం రెండింటికి హైదరాబాదు బస్సు. కువైట్ వెళ్లాక చెల్లెలితో మాట్లాడాలంటే మనిషి కనపడే ఫోనే దిక్కు. అందుకే రెండు కొంది, తనకొకటి, దానికొకటి.

ఫెబా మాత్రం వారం రోజులుగా తన ఫోను ముట్టలేదు. ఎదురుగా పెడితే వీపు తిప్పేది. ముట్టుకుంటే అక్క వెళ్లడానికి ఒప్పుకున్నట్టే కదా! మహా మొండిది. ఇప్పుడు కూడా షాపు ముందు స్టూలు మీద కూర్చుని మిర్చి లారీలు చూస్తోంది. ఇది ఫోను ముట్టకపోతే రెండేళ్లూ మాటా మంతీ లేకుండా ఎలా బతకాలో జయకుమారికి తోచడం లేదు.

బాషా ఫెబా ఫోను తీసుకుని కాల్ చేశాడు. తన ఫోను మోగగానే జయకుమారి మెల్లగా తాకి, చెవికి పెట్టుకుని "హలో! హలో! ఫెబా!" అని అరిచింది. షాపు షాపంతా నవ్వింది.

"అక్కా, నువ్వు చెవి చూపిస్తున్నావు. మొహం చూపించు. అయినా ఫెబక్కకి అరిస్తే వినపడుద్దా?"

"నోరు ముయ్యరా. అలవాటు."

మొహం ముందు పెట్టుకున్నాక ఇంకో తిప్పలు. ఒక చేతిలో ఫోనుంటే మిగిలింది ఒక్క చెయ్యే. వాళ్ల మాటలేమో రెండు చేతులవి.

"అయితే నేను సగమే మాట్లాడాలా బాషా?" అంది.

బాషా కువైట్ సాకెట్టుకు సరిపోయే ప్లగ్గు ఒకటి డబ్బు తీసుకోకుండా చేతిలో పెట్టాడు.

బస్టాండుకైతే ఫెబా వచ్చింది. సంచీ మోసింది, సీటు తుడిచింది. బస్సు కదిలాక మాత్రం చెయ్యి ఊపలేదు, చేతులు కట్టుకుని నిలబడింది. వాళ్ల భాషలో అది మాట్లాడనని చెప్పడం. జయకుమారి కిటికీలోంచి మెడ నొప్పెట్టేదాకా వెనక్కి చూసింది.

సత్తెనపల్లి దాటింది. రెండు వైపులా పత్తిచేలు. ఒడిలో ఫోను మోగింది. తీసి చెవికి పెట్టుకుంది. చప్పుడు లేదు.

ఛీ, నా బుద్ధి తగలెయ్య! గబుక్కున మొహం ముందుకు తెచ్చుకుంది.

ఫెబా! ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి, ఎదురుగా చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వారమంతా వీపు తిప్పినట్టే తిప్పి ఓరకంట అంతా నేర్చుకుంది, దొంగమొహం. రెండు చేతులూ ఎత్తి మొదట అన్న మాట: మళ్లీ చెవికేనా? బుద్ధుందా నీకు?

జయకుమారికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ముందు సీటు కమ్మీకి ఫోనును తన కొంగుతోనే కట్టేసి, రెండు చేతులూ ఎత్తింది. తిన్నావా? గడి పెట్టుకున్నావా? ఏడవకు. నువ్వే ఏడుస్తున్నావు, అంది ఫెబా. బస్సులో జనం తలలు తిప్పి చూశారు. చూస్తే చూడనీ.

పొయ్యి మీద ఏదో మాడినట్టుంది, ఫెబా లేచి పరుగెత్తింది. ఫోనులో ఇక గోడ ఒక్కటే మిగిలింది. కట్ చెయ్యడం జయకుమారికి వచ్చు, కానీ చెయ్యలేదు. ఆ గోడ మేకుకు, షెడ్డులో చీర మీద తను తొడుక్కునే పాత మగచొక్కా వేలాడుతోంది, మడిచిన చేతుల్లో ఇంకా ఎర్రటి కారప్పొడితో.