బొట్లు జారిన బానెట్

నేను ఒక బానెట్‌ని, అందులోనూ రెండే సీట్ల స్పోర్ట్స్ కారు బానెట్‌ని. కథ నింపాదిగా చెప్పమంటే నా వల్ల కాదు. కింద ఇంజను మండుతూ, పైన గాలి రాపాడుతూ ఉంటే నింపాదిగా ఉండేవాళ్లెవరో మీరే చెప్పండి.

పుట్టింది సముద్రాల అవతల. అల్యూమినియం రేకుని అచ్చులో పెట్టి ఒక్క దెబ్బ వేశారు, నేనైపోయాను. మొదటి యజమాని బెంగళూరులో ఒక పళ్ల డాక్టరు. నన్ను తోమినంత శ్రద్ధగా ఆయన తన రోగుల పళ్లు కూడా తోమి ఉండడు. ఆదివారం ఆదివారం మైనం పట్టించి, నాలో తన మొహం చూసుకుని, మళ్లీ ముసుగు కప్పేసేవాడు. అంత వేగంగా పోగల కారుని పాల ప్యాకెట్టు తేవడానికి కూడా బయటికి తీయలేదు మహానుభావుడు. మనుషులకు వేగాన్ని కొనుక్కోవడం మీదున్న మోజు వేగం మీద ఉండదని నాకప్పుడే తెలిసింది.

ఆయన విసిగి అమ్మేస్తే విజయవాడ ఆటోనగర్‌కి వచ్చాను. కొన్నది కాత్యాయని. వాళ్ల నాన్న వెంకటరత్నం గారికి లారీలకు బాడీలు కట్టే షెడ్డుంది, ఆమెకేమో రేసుల పిచ్చి. వస్తూనే నా ముసుగు చింపి చేతులు తుడుచుకునే గుడ్డలు చేసింది. హమ్మయ్య, ఇక పరుగే పరుగు అనుకున్నాను.

పరుగు బాగానే ఉంది, మలుపులోనే చిక్కొచ్చింది. ముందు జాలీలోంచి దూరిన గాలి రేడియేటర్ దాటి నా కిందకు చేరుతుంది. పోయే దారి లేక నన్ను పైకి తంతుంది. అప్పుడు ముందు చక్రాలు తేలిపోయి రోడ్డు మీద పట్టు వదిలేస్తాయి. చెన్నై అవతల రేసు ట్రాక్‌లో, పెద్ద కుడి మలుపు దగ్గర అదే జరిగింది. కాత్యాయని స్టీరింగు తిప్పుతూనే ఉంది, కారు మాత్రం నేరుగా వెళ్లి టైర్ల గోడను గుద్దుకుంది. ఆమె మణికట్టు విరిగింది, నా ముక్కు సొట్టపోయింది. వెంకటరత్నం గారు అరవలేదు, తిట్టలేదు. ఇంకొక్క రేసు చూస్తానని, మళ్లీ దారి తప్పితే కారుని షెడ్డులో పెట్టి తాళం వేసి, ఆ తాళంచెవి బందరు కాలవలో పారేస్తానని మాత్రం అన్నారు. ఆయన అన్నంత పనీ చేసే మనిషి.

మణికట్టు అతుక్కున్నాక కాత్యాయని ఒక ఉపాయం పట్టుకొచ్చింది. నన్ను కోసి గాలికి దారి పెడుతుందట. షెడ్డులో రేకుల సొట్టలు తీసే సుభానీతో మాట్లాడింది. ఇంజను వేడంతా బానెట్ వెనక వైపే కదా, ముందు అద్దం కిందనే కోద్దామంది. అతనూ అదే మేలన్నాడు. ఇద్దరూ కలిసి అద్దానికి దగ్గరగా సుద్దతో గీతలు గీశారు. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. ఈ మోడల్ తయారీ ఎప్పుడో ఆపేశారు, నాలాంటిది ఇంకొకటి దొరకదు. కోత తప్పితే నేను పాత సామాన్ల కొట్టుకి, ఆమె రేసులు అటక మీదికి. గాలి నడిచేది నా వీపు మీదే గనుక గీసిన చోటు తప్పని నాకు తెలుసు. చెప్పడానికి నోరేదీ?

ఈలోగా ఆయుధపూజ వచ్చింది. పండగపూట పనిముట్లు ముట్టరు గనుక రంపం ఆగింది. వెంకటరత్నం గారు కారు కడిగించి బొట్లు పెట్టబోతే నా నునుపుకి కుంకుమ నిలవలేదు. ఆయనకు పంతం వచ్చింది. పసుపూ కుంకుమా నువ్వుల నూనెలో కలిపి, ముక్కు నుంచి అద్దం దాకా వరసలు వరసలుగా పెట్టారు. జాతరలో మేకపోతుకీ ఇలాగే బొట్లు పెడతారని షెడ్డులో ఎవరో అనగా విన్నాను. అది గుర్తొచ్చి నాకు చెమటలు పట్టాయి.

నిమ్మకాయలు తొక్కించాక బండిని ఒక చుట్టు తిప్పి తేవడం ఆనవాయితీ. కాత్యాయని లెక్కలో చుట్టంటే ఇంకా తెరవని కొత్త బైపాస్. ఖాళీ రోడ్డు కనబడగానే ఆపుకోలేక గాలిలా పోనిచ్చింది.

తిరిగొచ్చేసరికి బొట్లన్నీ చెదిరిపోయి ఉన్నాయి. వెంకటరత్నం గారి మొహం వాడిపోయింది.

"పండగపూట ఈ అపశకునం ఏంటే?" అంటూ తుడవడానికి భుజం మీది తుండు తీశారు.

"ఆగు నాన్నా, తుడవొద్దు." కాత్యాయని ఆయన చెయ్యి పట్టుకుని నా మీదకు వంగింది. ముక్కు వెనకాల బొట్లు దువ్వినట్టుగా, సన్నగా, పొడుగ్గా వెనక్కి సాగాయి. అద్దం దగ్గరవి మాత్రం ముద్దకట్టాయి, కొన్ని ఎదురు కూడా పాకాయి.

"చూడు బాబాయ్," అంది సుభానీతో. "గాలి అద్దానికి కొట్టుకుని ఇక్కడ కిందకి నొక్కుతోంది. ఇక్కడ కోస్తే వేడి బయటికి పోదు, బయటి గాలే లోపలికి దూరుద్ది."

సుభానీ సుద్దగీతల్ని అరచేత్తో చెరిపేశాడు. "నాకూ తట్టలేదమ్మాయ్. మీ నాన్న నూనె కలపబట్టి బతికిపోయాం."

పండగ వెళ్లాక కోశారు. రేడియేటర్ వెనకాల, బొట్లు సన్నగా సాగిన చోట రెండు కోతలు. కోత ముందు అంచుని పెదవిలా కాస్త పైకి మడిచారు. నొప్పి సంగతి సరే, పరువు పోయినందుకు ఏడ్చాను. ఆ పళ్ల డాక్టరు చూస్తే మూర్ఛపోయి ఉండేవాడు.

మళ్లీ ట్రాక్, మళ్లీ అదే కుడి మలుపు. లోపలి గాలి ఎప్పటిలాగే నా మీదకు ఎగబడింది. ఈసారి దారి దొరికి, కోతల్లోంచి బుస్సుమని పైకి పోయింది. నేను లేవలేదు. ముందు చక్రాలు రోడ్డుని కరుచుకున్నాయి. కాత్యాయని తిప్పింది, కారు తిరిగింది. వెనక భాగం కాస్త జారినా నిలదొక్కుకుంది. బహుమతి రాలేదు గానీ, ఆ మలుపు దాటాక హెల్మెట్‌లో ఆమె ఏడుస్తూ నవ్వడం నేను విన్నాను.

షెడ్డుకి తాళం పడలేదు. వానొస్తే కోతల్లోంచి ఇంజను తడుస్తుందని సణుక్కుంటూ వెంకటరత్నం గారే నా మీద పట్టా కప్పుతున్నారు. ఆయన సణుగుడు నాకు జోలపాటైంది. అయినా కుదురు రాలేదు. ఎందుకంటే మళ్లీ ఆయుధపూజ వచ్చింది.

ఇవాళ పొద్దున్నే ఆయన నూనె గిన్నె పట్టుకుని నా వైపు వచ్చారు. ఇంకెక్కడ కోస్తారో అని వణికిపోయాను. నా ముక్కు మీద ఒకే ఒక్క బొట్టు పెట్టి, నన్ను దాటి వెనక్కి వెళ్లిపోయారు. డిక్కీ మూత మీద వరసలు వరసలుగా బొట్లు పెట్టి కూతురిని పిలిచారు.

"మలుపులో వెనక జారుతోందన్నావుగా. పోయి గట్టిగా తోలుకు రా, చూద్దాం."

డిక్కీ మూత కొత్త పెళ్లికూతురిలా మురిసిపోతోంది. పాపం, దానికేం చెప్పను?