జానకీబాయి పెట్టె, జలపతిరావు ఆర్గన్

మా ఆయన జలపతిరావుకు సంగీతంలో తెలియనిది ఒక్కటే, వాయించడం. మిగతావన్నీ తెలుసు. ఏ దేశంలో ఏ బ్యాండు ఏ సంవత్సరం ఏ వాయిద్యం మీద ఏం చేసిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. లా చదివి ఒక్కనాడు కోర్టు మెట్లెక్కని మనిషికి అంత జ్ఞాపకశక్తి దేవుడు ఎందుకిచ్చాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కరీంనగర్‌లో మా ఇంటి మేడ మీది గదిలో ఆదివారం ఆదివారం ఆయన దర్బారు. ప్రోగ్రెసివ్ రాక్ అనే ఇంగ్లీషు సంగీతమట. ఒక్కో పాట ఇరవై నిమిషాలు. పాడేవాడు మధ్యలో ఎటో పోతాడు, మెట్ల వాయిద్యం, అదే కీబోర్డు, వాయించేవాడు మాత్రం పోడు. ఆ రికార్డులు తిరుగుతుంటే మా ఆయనా, ఆయన దోస్తు రాజేశ్వర్‌రావూ, మరో ఇద్దరూ కళ్ళు మూసుకొని తలలు ఊపేవాళ్ళు. ఆ తర్వాత కళ్ళు తెరిచి కొట్లాడుకునేవాళ్ళు. దేనికి? అన్నిట్లోకీ గొప్ప వాయిద్యం ఏది అని. దానికొక రిజిస్టరు కూడా పెట్టారు. మొదటి స్థానం హేమండ్ ఆర్గన్. దాని మీద తగాదా లేదు. రెండో స్థానం మెలోట్రాన్‌దా, మూగ్‌దా అని మూడు ఆదివారాలు ఛాయ్‌లు తాగారు.

ఛాయ్ తెచ్చిచ్చేది నేనే కనుక అన్నీ విన్నాను. మెలోట్రాన్‌లో ప్రతి మెట్టు కింద ఒక టేపు ముక్క ఉంటుందట. మెట్టు నొక్కితే ఎవరో ఎప్పుడో వాయించి పెట్టిన ఫిడేలు పలుకుతుందట. అది కూడా ఎనిమిది సెకన్లే, ఆ తర్వాత టేపు అయిపోయి నోరు మూస్తుంది. మూగ్ అయితే ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుందట. మా పనిమనిషి గంగుబాయి ఇత్తడి బిందె తోముతుంటే అంతకన్నా ఎక్కువ స్వరాలు వినిపిస్తాయి. నలుగురిలో ఒక్కడంటే ఒక్కడు వీటిని కళ్ళతో చూసింది లేదు. చూడనివాటికి మార్కులు వేసే పరీక్ష అది!

నాకూ ఒక పెట్టె ఉంది. దానికి ఆ రిజిస్టరులో ఎలాగూ చోటు లేదు. మా ఆదిలాబాద్‌లో నాకు సంగీతం నేర్పిన జానకీబాయి హార్మోనియం అది. ఆమె తండ్రి మరాఠీ నాటక కంపెనీలో వాయించిన పెట్టె. గాలికి పలికే ఇత్తడి నాలుకలు, నలభై రెండు రీడ్లు, మూత మీద నిర్మల్ వాళ్ళు వేసిన పువ్వులు. చనిపోయే ముందు జానకీబాయి దాన్ని నా ఒళ్ళో పెట్టి, "దీని శ్రుతి ముష్తాక్ తప్ప ఇంకెవ్వలు ముట్టద్దు" అంది. ముష్తాక్ చాచాది కరీంనగరే. గంజ్ దగ్గర హార్మోనియాలు బాగుచేసే చిన్న దుకాణం. ఆమె బతికి ఉన్నప్పుడు ఏడాదికోసారి బస్సెక్కి వచ్చి ఆ పెట్టె చూసిపోయేవాడు. నేను గౌన్లు వేసుకునే రోజుల నుంచి నన్ను "బిడ్డా" అనే పిలిచేవాడు. నా పెళ్ళయి అదే ఊరికి వచ్చాక ఆ పిలుపు మా ఇంట్లోకి కూడా వచ్చింది.

పెళ్ళయ్యాక పన్నెండేళ్ళు ఆ పెట్టె ముందు కూర్చుని నేను వాయించింది గోడలకే. "మన ఇండ్లల్ల ఆడోళ్ళు నలుగుర్ల కూసోని వాయిస్తరా?" అన్నాడు మా ఆయన మొదటి నెలలోనే. అక్కడికి ఆ కథ అయిపోయింది.

ఎనభై మూడు జనవరిలో బొంబాయిలో ఏదో పాత హోటలు మూసేస్తుంటే మా ఆయన లారీ వేసుకొని పోయి నిజంగానే హేమండ్ ఆర్గన్ తెచ్చాడు. బీరువా అంత ఉంది, లోపల కరెంటుతో చక్రాలు తిరిగితే స్వరం పలుకుతుంది. దాని పక్కన ఇంకో చెక్క డబ్బా, అందులో స్పీకరు గిరగిరా తిరుగుతుంది. ఆర్గన్‌తోపాటు అదే హోటలు గోడకు ఉన్న కరెంటు గడియారం కూడా తెచ్చాడు. కీ ఇవ్వక్కర్లేదు, సెల్లు వేయక్కర్లేదు, ప్లగ్గు పెడితే చాలు. ఆర్గన్ ప్లగ్గు పక్కనే దాని ప్లగ్గు.

ఆర్గన్‌ను నేను ఒక్క మాట అనను. ఇంట్లో ఎవరూ లేని ఒక మధ్యాహ్నం దాని ముందు కూర్చుని ఒక మెట్టు మీద వేలు పెట్టాను. స్వరం తిరగలి తిరిగినట్టు గదంతా చుట్టి వచ్చింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అలాంటి దాన్ని తెచ్చుకొని మా ఆయన ఏం చేశాడు? రోజూ పొద్దున మెత్తటి బట్టతో తుడిచేవాడు. అంతే.

ఏప్రిల్‌లో ఆయనకో ఆలోచన వచ్చింది. హైదరాబాద్ నుంచి సంగీతం మీద పత్రికల్లో రాసే పెద్దమనిషి ఒకాయన జూన్‌లో వస్తున్నాడు. ఆయన ముందు తూర్పు, పడమర కలపాలి. రాజేశ్వర్‌రావు చిన్నప్పుడు బడిలో పియానో నేర్చుకున్నాడు కనుక ఆర్గన్ మీద కూర్చుంటాడు. నేను హార్మోనియం మీద. అవును, నేనే! నలుగుర్లో వాయించకూడని ఆడదాన్ని ఒక్క రోజుకు వాయించదగిన ఆడదాన్నయ్యాను. చెబితే సిగ్గుచేటు, ఆ రాత్రి నాకు సంతోషంతో అన్నం దిగలేదు.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం రెండూ కలిపి చూశాం. పళ్ళు జిల్లుమన్నాయి. నా పెట్టె సా దగ్గర ఉంటే ఆర్గన్ దానికి కొంచెం కింద, తెల్లమెట్టుకూ నల్లమెట్టుకూ నడుమ ఎక్కడో ఉంది. మా ఆయన ముష్తాక్ చాచాను పిలిపించాడు. అరవై దాటిన మనిషి ఎండలో నడిచి వచ్చాడు. రెండింటినీ విని, చెవి మీద చెయ్యి పెట్టుకుని కాసేపు కూర్చున్నాడు.

"పెట్టెల ఏం లోపం లేదు దొరా. ఆర్గనే దిగింది. జర పొద్దుగాల ఇనుండ్రి, సక్కగ ఉంటది. ఎండెక్కి బావుల కాడ మోటార్లు నడిస్తే దిగుతది. కరెంటు ఎట్ల నడిస్తే గిది గట్ల పాడుతున్నది."

మా ఆయన నవ్వాడు. ఆ నవ్వు మీరు చూడాలి. తనకన్నా తెలిసినవాడు ఎదురైనప్పుడల్లా అదే నవ్వుతాడు. "హేమండ్ శ్రుతి తప్పదు. పుస్తకంల రాసి ఉన్నది. ఇంగ్లీషుల ఉన్నది, నీకు రాదు. ఇగో, స్టెబిలైజరు కూడ పెట్టిన, చూడు. ముల్లు రెండు వందల ముప్పై మీదనే ఉన్నది. కరెంటుకు ఏం రోగం?"

"ముల్లు సంగతి నాకెర్క లేదు దొరా. చెవి సంగతి చెప్తున్న."

అప్పుడు నేను గోడ మీది గడియారం వైపు చూశాను. రేడియో వార్తలు విని ప్రతి పొద్దునా మా ఆయన దాన్ని అరగంట, నలభై నిమిషాలు ముందుకు జరిపేవాడు. మార్చి నుంచీ ఇదే వరస. హోటలు వాళ్ళు దగా చేశారని దాన్ని తిట్టేవాడు. చాచా మాట, గడియారం, పక్కపక్కనే ఉన్న రెండు ప్లగ్గులు, మూడూ నా తలలో కలిశాయి. ఆర్గన్‌లో తిరిగే చక్రమూ గడియారంలో తిరిగే చక్రమూ ఒకే కరెంటుతో తిరుగుతున్నాయి. రెండూ మెల్లగా తిరుగుతున్నాయి. గడియారం మెల్లగా తిరిగితే పొద్దు తప్పుతుంది, ఆర్గన్ మెల్లగా తిరిగితే శ్రుతి తప్పుతుంది.

"నువ్వు చెప్పు ప్రమోదినీ," అన్నాడు మా ఆయన. "నీ చెవికి ఏది తప్పున్నది? హార్మోనియం కలువకుంటె ఈ ప్రోగ్రామే వద్దు. ఆర్గన్ ఒక్కటే పెట్టుకుంటం."

చాచా నా వైపు చూశాడు. నిశ్చింతగా చూశాడు, నేనేం చెబుతానో తెలిసినవాడిలాగా.

"ఆర్గన్ సరిగ్గనే ఉన్నది," అన్నాను.

చాచా సంచిలోంచి ఆకురాయి తీశాడు. పని మొదలుపెట్టే ముందు ఒక్కమాట చెప్పాడు: "రీడు మొదట్ల గీకితే శ్రుతి దిగుతది, కొసన గీకితే ఎక్కుతది. ఎట్ల గీకినా పోయిన ఇత్తడి మల్ల రాదు." నలభై రెండు రీడ్లూ ఒక్కొక్కటి తీసి ఆర్గన్ దగ్గరికి దిగేలా గీకాడు. జానకీబాయి పెట్టెలోంచి రాలిన పసుప్పచ్చటి పొడి మా చాప మీద పడింది. గంగుబాయి దాన్ని ఊడ్చి పారేసింది. పోతూ పోతూ చాచా, "పోయొస్త దొరసానీ" అన్నాడు. బిడ్డా అనలేదు. ఎందుకని నేను అడగలేదు.

మే అంతా వాయించుకున్నాను. మధ్యాహ్నాలు రెండూ పాలూ నీళ్ళలా కలిసేవి. మా ఆయన అందరికీ చెప్పుకున్నాడు, ముసలోడి చెవులు తనే సరిచేశానని.

జూన్‌లో ప్రోగ్రాముకు మూడు రోజుల ముందు వానలు పడ్డాయి. మామూలు వానలు కావు. చెరువులు నిండాయి, బావుల దగ్గర మోటార్లు ఆగిపోయాయి. ప్రోగ్రాము నాటి ఆదివారం పొద్దున రేడియోలో వార్తలు మొదలయ్యేసరికి గోడ గడియారం సరిగ్గా అదే వేళ చూపిస్తోంది. మా ఆయన దాన్ని జరపలేదు. "చూసినవా, తొవ్వకొచ్చింది!" అన్నాడు. గడియారం సరైందంటే ఆర్గన్ కూడా పైకి పోయినట్టే. అప్పుడైనా చెప్పాలి. చెప్పలేదు. మధ్యాహ్నానికి దిగుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను, మొగుడిని తెలివితక్కువవాడనే నేను!

నాలుగింటికి ఇరవై మంది దాకా వచ్చారు. హైదరాబాద్ పెద్దమనిషి, కరెంటాఫీసు ఇంజనీరు, వకీళ్ళు, సంగీతం నేర్పే పంతుళ్ళు. హార్మోనియాలు ఉన్న ప్రతివాడూ చాచా దుకాణానికి పోయేవాడే. చాచాను కూడా పిలిచి తలుపు దగ్గర నిలబెట్టారు. రాజేశ్వర్‌రావు ఆర్గన్ మీద సా పట్టాడు. నేనూ పట్టాను. ఆర్గన్ పైన, నా పెట్టె కింద. ముందు వరసలో ఎవరో నవ్వు ఆపుకున్నారు.

"ముష్తాక్!" మా ఆయన లేచి నిలబడ్డాడు. "ఏం చేసినవురా?"

"మీరు చెప్పిందే చేసిన దొరా."

"నా ఆర్గన్ శ్రుతి తప్పదు. తప్పింది నీ చెవులు. సారు ముందట నా ఇజ్జత్ తీసినవు. ఇగో, అందరికీ చెప్తున్న, వీనికి పెట్టెలు ఇయ్యకుండ్రి, కరాబు చేస్తడు."

చాచా తల ఎత్తలేదు. వాళ్ళంతా ఆయనకు అన్నం పెట్టే మనుషులు.

"చాచా చేసింది ఏం లేదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "కరెంటు మెల్లగ నడిచినప్పుడు ఆర్గన్ దిగింది. చాచా ఏప్రిల్‌లనే చెప్పిండు. మీరు నవ్విండ్రు. దిగిన ఆర్గన్‌కు నా పెట్టెను దింపిండ్రు. ఇప్పుడు వాన పడ్డది, మోటార్లు బందయినయి, ఆర్గన్ దాని తావుకు పోయింది. నమ్మకుంటె గడియారం చూడుండ్రి. మూడు నెలలు దినాం ఎనకబడ్డది, గీ వానలకు సక్కగ నడుస్తున్నది."

ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. "అమ్మ చెప్పేది నిజమే సార్. ఎండకాలం కరెంటు సైకిల్స్, అంటె దాని వేగం, తగ్గుతయి. స్టెబిలైజరు వోల్టేజీనే చూస్తది, సైకిల్స్ దాని చేతిల లేవు."

మా ఆయన ముఖం ఒక్క క్షణం వాడింది. ఒక్క క్షణమే. మళ్ళీ ఆ నవ్వు వచ్చేసింది. "గంతేనా! ఏం ఫికర్ లేదు. ముష్తాక్, ఆకురాయి తీయి. కొసన గీకి ఎక్కియ్యి. సారు ఛాయ్ తాగేలోపల అయిపోవాలె."

ఛీ. నేను లేచి వెళ్ళి గోడ మీద ఆ రెండు ప్లగ్గులకూ ఉన్న ఒకే స్విచ్చి తీసేశాను.

రాజేశ్వర్‌రావుకు అర్థం కాక వేలు అలాగే మెట్టు మీద ఉంచాడు. లోపలి చక్రాలు వేగం తగ్గుతూ తిరిగాయి. స్వరం కిందికి జారింది. జారుతూ జారుతూ ఒక్క రెప్పపాటు ఏప్రిల్‌లో ఉన్న చోటికి, జానకీబాయి పెట్టె ఇప్పుడు ఉన్న చోటికి వచ్చింది. తలుపు దగ్గర చాచా వేలు పైకి లేచింది. స్వరం అక్కడ ఆగలేదు, ఇంకా కిందికి పోయి మూగబోయింది. గోడ మీది గడియారం కూడా నాలుగుంబావు దగ్గర ఆగింది.

నేను వచ్చి కూర్చుని జానకీబాయి నేర్పిన భూప్ రాగం వాయించాను. నలభై రెండు రీడ్లూ చాచా ఒక్క తీరుగా గీకాడు. పక్కన ఇంకోటి లేకపోతే ఆ పెట్టెలో వెంట్రుకవాసి తప్పు లేదు. అరగంట ఎవరూ కదల్లేదు. మా ఆయన కూడా కూర్చున్నాడు, చేసేదేం లేక. అయిపోయాక హైదరాబాద్ పెద్దమనిషి, "మూత మీద పువ్వులు చాలా బాగున్నాయండీ" అన్నాడు. వీళ్ళూ, వీళ్ళ సంగీతమూ!

అందరూ పోయాక గేటు దాకా చాచా వెనకే పోయాను. సన్నగా చినుకులు పడుతున్నాయి. పంతుళ్ళు ఇద్దరు అప్పటికే ఆయన చెయ్యి పట్టుకొని మాట్లాడి పోయారు. ఆయన పేరు నిలబెట్టానని నాకు లోపల కొంచెం గర్వంగా కూడా ఉంది. అయినా ఒకటి మిగిలింది.

"చాచా," అన్నాను. "నాకు ఏప్రిల్‌లనే తెలిసింది."

ఆయన చెప్పులు వేసుకుంటూ ఆగాడు.

"నాకెర్కనే దొరసానీ," అన్నాడు. "మీరు గడియారం దిక్కు చూసినప్పుడు నేను మీ దిక్కే చూస్తున్న."

సంచి తల మీద పెట్టుకుని చినుకుల్లో నడిచిపోయాడు.