లాంజ్‌లో యాటపోతు

తొర్రూరు మార్కెట్ యార్డులో వడ్లు తడుస్తున్నాయి. టార్పాలిన్ ఒక కొస పట్టుకుంటే ఇంకో కొస గాలికి లేస్తోంది. దేవదాసు ఒక కొస మీద ట్రాక్టరు స్టెప్నీ టైరు పడేసి, ఇంకో కొస మీద తానే టైరులా కూర్చున్నాడు. పొద్దుటి నుంచి కడుపులోకి పోయింది ఒక చాయ, కొంత వాన. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"దేవదాసూ, ఆ వడ్లు ఇడిచిపెట్టి మిల్లుకు రా."

దేవదాసు ఫోన్ చెవి నుంచి తీసి, పేరు మళ్లీ చూసుకున్నాడు. పటేలే. దోసెడు గింజలు నేల పాలైతే "నీ జీతంల పట్టుకుంట" అనే మనిషి, రాశికి రాశి వదిలేసి రమ్మంటున్నాడు. వాన కంటే ఆ మాటకే ఎక్కువ తడిసినట్టయింది.

పటేలంటే జగన్మోహన్. రైస్ మిల్లు ఓనర్, ఒకప్పుడు మండలంలో పదవి వెలగబెట్టినవాడు. పదవిలో ఉన్నన్నాళ్లు ఊరి రక్తం తాగాడని గిట్టనివాళ్లు అంటారు. ఏడాది నుంచి ఆయన రక్తాన్నే మిషను తాగి, కడిగి, మళ్లీ కక్కుతోంది. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు హనుమకొండ దవాఖానకు కారు నడిపి తీసుకుపోయేది దేవదాసే. కారూ అతనే, ట్రాక్టరూ అతనే, తడిసే వడ్ల దగ్గర కావలీ అతనే. జీతం మాత్రం ఒక్కటే, పద్నాలుగు వేలు.

మిల్లు ఆఫీసులో టేబుల్ మీద కొత్త ప్యాంటు, చొక్కా, నల్ల బూట్లు ఉన్నాయి.

"నీకేరా. రేపు విమానం ఎక్కుతున్నవ్," అన్నాడు జగన్మోహన్. "ఢిల్లీల నాకు ఆపరేషన్. మా ఇంటామె ఊర్మిళ తమ్ముడు లేడా, భూపాలపల్లి మధుకర్, ఆయన కిడ్నీ ఇస్తుండు. ముందుగాల్నే పోయిండు. నాకు తోడుగ నువ్వుండాలె. ప్రీమియం టికెట్ తీసిన నీకు. నా పక్క సీటే."

"నితిన్ బాబు రాడా పటేలా?"

"వస్తడు, ఎనక మామూలు సీట్ల. ఇగో, ఇప్పటిసంది నన్ను పటేలా అనకు. అన్నా అను."

దేవదాసు నోరు తెరిచాడు. పదిహేడేళ్లుగా పటేలా అని అరిగిపోయిన నాలుక అది.

"అనరా."

"అన్నా... పటేలా."

"పటేల తీసెయ్యి. అన్న ఉంచు."

*

దేవదాసు కాపురం మిల్లు వెనక రేకుల గదిలో. భార్య భూదేవి అదే మిల్లులో నూకలు చెరుగుతుంది. ఆమె బూట్లను చేతిలోకి తీసుకుని, తిప్పి, లోపల చెయ్యి పెట్టి వెతికింది. బూటులో కుట్ర దొరుకుతుందని కాదు గానీ, వెతకకుండా ఉండలేకపోయింది.

"ఏం టికెటన్నవ్?"

"ప్రీమియం."

భూదేవి చేతిలోని బూటు జారి కింద పడింది.

"ప్రీమియమా! ఎవని పేరు మీద కట్టిండు?"

"నా పేరు మీదనే."

"సచ్చినంక పైసలు ఎవలకొస్తయి?"

ఆమెకు తెలిసిన ప్రీమియం ఒక్కటే. మూడు నెలలకోసారి బీమా ఏజెంటు వచ్చి "ప్రీమియం కట్టిన్రా అక్కా" అని అడిగేది. కట్టినవాడు చస్తే మిగిలినవాళ్లకు పైసలొచ్చేది. ఆమె లెక్కలో అది బతికుండగా అక్కరకు రాని సొమ్ము.

"గూడూరు దిక్కు ఒక సేటు గట్లనే జీతగాని పేరు మీద ప్రీమియం కట్టిండట. ఆర్నెల్లకు లారీ కింద వడ్డడు వాడు. అది లారీనో, సేటో, ఎవలకెరుక?" అంది.

"నీ ఇకమతు పాడుగాను! ఇది ఆ ప్రీమియం గాదే. మంచి సీటు, మెత్తగుంటది. అందుల పోయేటోళ్లకు లాంజ్ అని అర్ర ఉంటదట. ఎంత తిన్నా పైసలడుగరట."

"లాంజా, లంచమా?"

"లాంజే."

"లంచమంటే మనం పెట్టేది. మనకే పెడుతున్నరంటే అది లంచం కంటె పెద్దదయ్యా." ఆమె గొంతు తగ్గించింది. "పోయిన నెల డ్రైవర్లకు ఆరోగ్య పరీచ్చలని హనుమకొండ తోలుకపోయిన్రు. మిల్లుల ముగ్గురు డ్రైవర్లున్నరు. నీ ఒక్కనికే ఎందుకు తీసిన్రు సీసాలకు సీసాలు నెత్తురు? ఇప్పుడేమో అన్నా అనుమంటున్నడు. మర్యాద జేస్తున్నరంటే మరేదో ఉన్నట్టే. యాటపోతుకు గూడ పసుపు నీళ్లు పోసి దండ ఏస్తరు."

దేవదాసు నవ్వాలని చూశాడు. ఏటా పటేలింటి ముత్యాలమ్మ బోనాలకు బలిచ్చే యాటపోతు తాడు పట్టేది అతనే. అంతకు ముందు వాళ్ల నాయిన పట్టేవాడు. మెడకు వేపమండలు కట్టి, వీపు మీద పసుపు నీళ్లు పోస్తారు. యాట ఒళ్లు దులుపుకుంటే ఒప్పుకున్నట్టు లెక్క. దులుపుకునేదాకా కత్తి లేవదు. అదీ ఆచారం. అయితే దులుపుకోకపోతే వదిలేస్తారా అంటే, ఇంతవరకూ వదిలింది లేదు.

"ఇల్లు రాపిచ్చిస్తనన్నడే," అన్నాడు దేవదాసు. "సర్కారిచ్చే ఇండ్లల్ల మన పేరు ఎక్కిస్తనన్నడు. వద్దంటే ఈ రేకుల అర్ర గూడ పాయె."

భూదేవి బూట్లను పక్కపక్కనే పెట్టి, వాటి వంక పాములను చూసినట్టు చూసింది.

*

జనగామ దగ్గర చాయకు ఆగినప్పుడు భూదేవి ఫోన్ చేసింది. "మధుకర్ సారు ఢిల్లీ పోయిండన్నరు గద? ఇప్పుడే మిల్లుకొచ్చి బియ్యం బస్తాలు కార్ల ఏసుకొని పోయిండు. నా కండ్లతోని సూసిన." దేవదాసు ఫోన్ జేబులో వేసుకుని, స్టీరింగు పట్టుకున్నాడు. అద్దంలో జగన్మోహన్ కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆయన పక్కన కొడుకు నితిన్ సెల్లులో మునిగి ఉన్నాడు. విమానం ఎక్కబోయేవాళ్లలో కారు నడిపేది ఒక్కడే.

శంషాబాద్‌లో కారు పార్కింగులో పెట్టి లోపలికి వెళ్లారు. దేవదాసు చేతికి బోర్డింగ్ పాస్ వచ్చింది. పదో తరగతి మూడుసార్లు తప్పినవాడికి జీవితంలో వచ్చిన మొదటి పాస్ అది.

"వచ్చేటప్పుడు గూడ గిదేనా... అన్నా?"

"వచ్చేటప్పుడు నీకు రైలు మంచిది," అన్నాడు జగన్మోహన్ అటే చూస్తూ. "స్లీపర్ల పండుకొని రావొచ్చు."

పోయేటప్పుడు కూర్చోబెట్టి తీసుకుపోతున్నారు. వచ్చేటప్పుడు పండుకోబెట్టి పంపుతున్నారు. ఈ రెండింటి మధ్య ఏం జరుగుతుందో టికెట్టు మీద రాయలేదు. బూటు కరిచినచోట దేవదాసు మడమ మండింది.

లాంజ్ వాకిట్లో అద్దాల తలుపు, దాని ముందు బల్ల, బల్ల వెనక ఒక అమ్మాయి. పాసులు చూసి జగన్మోహన్‌కు దండం పెట్టింది, దేవదాసుకూ పెట్టింది. అతను వెనక్కి తిరిగి, ఆ దండం ఎవరికో చూశాడు. నితిన్ దగ్గరకొచ్చేసరికి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"సారీ సర్. మీది ఎకానమీ టికెట్. ప్రీమియం టికెట్ ఉన్నవాళ్లకే లాంజ్."

"మా బాపుదే ప్రీమియం. గెస్ట్‌గ వస్త."

"గెస్ట్‌ను తెచ్చుకునే వీలు కొన్ని కంపెనీల్లో ఉంటుంది సర్. మా దాంట్లో టికెట్ ఎవరి పేరు మీద ఉంటే వారికే."

"నా కార్డున్నది. అండ్ల రాసే ఉన్నది లాంజ్ ఫ్రీ అని."

"కార్డు లాంజ్ వేరే సర్. అటు చివర్లో. అక్కడ లైన్ ఉంది."

తొర్రూరులో లైన్ అంటే ఎరగని నితిన్ ముఖం ఎర్రబడింది. అద్దాల లోపల డ్రైవర్, బయట ఓనర్ కొడుకు. ఇంటిపేరూ మిల్లూ భూములూ అన్నీ తండ్రి నుంచి వచ్చినవాడికి, తండ్రి నుంచి రానిదొకటి ఈ లోకంలో ఉందని తెలిసిన క్షణం అది.

"ఏంది బాపూ గిది!" అని అరిచాడు. "డోనర్‌కున్న ఇజ్జత్ కన్నకొడుక్కు లేదా?"

అరిచాక నాలుక కరుచుకున్నాడు. జగన్మోహన్ కొడుకు వంక చూసిన చూపు దేవదాసు కూడా చూశాడు.

దవాఖాన వరండాలో ఏడాది కాలం కూర్చున్న డ్రైవర్‌కు డోనర్ అంటే కిడ్నీ ఇచ్చేవాడని ఒకరు చెప్పక్కర్లేదు. ఓనర్‌కు ముందు ఒక్క అక్షరం చేరిస్తే డోనర్. ఆ ఒక్క అక్షరానికి ఎంత కోత పడుతుందో, అక్కడ కుట్లు విప్పించుకునేవాళ్లను చూసి అతనికి తెలుసు. భూదేవి అనుమానం గురి తప్పలేదు. ప్రాణం మీదికి వస్తుందనుకుంది, ఒక మెట్టు కింద, కిడ్నీకి తగిలింది.

*

లాంజ్ లోపల చలి. సోఫాలు కూర్చుంటే మింగేసేటంత మెత్తగా ఉన్నాయి. జగన్మోహన్ తానే లేచి వెళ్లి, ప్లేటు నిండా పండ్లు, బిర్యానీ, ఏదో తెల్లటి మిఠాయి తెచ్చి దేవదాసు ముందు పెట్టాడు. పక్కన గ్లాసుడు నీళ్లు. నీళ్లు కొలిచి తాగాల్సిన రోగం ఆయనది. ఆ గ్లాసు వంక చూసి గుటక మింగాడు. ఆ చూపు నీళ్ల మీది నుంచి దేవదాసు నడుము దాకా జారింది.

అతిథికి అతిగా పెడితే తిథి దగ్గరపడ్డట్టేనని పెద్దలు అనలేదు. అనాల్సింది.

"తిను తమ్మీ."

"మధుకర్ సారు ఇయ్యాల మిల్లుకొచ్చి బియ్యం తీస్కపోయిండట."

జగన్మోహన్ ముందుకు వంగి, ఓట్లడిగే గొంతుతో మొదలుపెట్టాడు.

"దాచుడెందుకు? నీ నెత్తురే కలిసింది నాకు. దేవుడు అందరికీ రెండిచ్చిండు తమ్మీ. ఒకటి స్పేర్. మన బండి స్టెప్నీ అసొంటిది."

"స్టెప్నీ లేకుంట బండి రోడ్డు మీదికి తియ్యద్దని మీరే అంటరు గద."

"మాటకు మాట మస్తు నేర్చినవ్ రా! అక్కడ కమిటీ ఉంటది, ఎందుకిస్తున్నవని వాళ్లడుగుతరు. 'మా అన్న, ప్రేమతోని ఇస్తున్న' అనాలె. గంతే. ఇల్లు మీది, అర్ర మీది, ఎప్పటి లెక్కనే ఉండున్రి."

ఆ ప్రేమ ప్రేమ కాదు, ప్రేమియం. కట్టేది ఒకరు, పోయేది ఇంకొకరు. భూదేవికి ఇంగ్లీషు రాదని ఎవరన్నారు?

"నితిన్ బాబుకు గూడ రెండున్నయి గద?"

"వాని నెత్తురు గూడ కలిసింది. గాని వానికి పెండ్లి గావాలె. వాని ముందట బతుకున్నది." ఆయన ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, అందులో అనకూడనిది ఏముందో ఆయనకు నిజంగానే తెలియలేదు.

ఒకావిడ ట్రే తెచ్చింది. ట్రేలో చుట్టిన తడిగుడ్డలు, ఐసులో పెట్టినట్టు చల్లగా ఉన్నాయి. జగన్మోహన్ ఒకటి విప్పాడు. విప్పి, తన చేత్తోనే దేవదాసు మెడ వెనక వేశాడు. వేసి రెండుసార్లు తట్టాడు.

పదిహేడేళ్లలో ఆ చెయ్యి అతన్ని తాకలేదు. జీతం కూడా టేబుల్ మీద పెట్టేది.

చన్నీళ్లు వెన్నెముక మీద కిందికి పాకాయి. పైన ఏసీ గాలి. దేవదాసు ఒళ్లంతా ఒక్కసారి లోపలి నుంచి కదిలింది. భుజాలు అదరబోయాయి. అప్పుడు గుర్తొచ్చింది, ఇలా పాకే నీళ్లను తాను ఎన్ని వీపుల మీద చూశాడో. చర్మం కింద సన్నగా మొదలై, మెడ దాకా వచ్చి, ఆగలేక దులుపుకునే ఆ క్షణాన్ని తాడు పట్టుకుని తానే కేక వేసి చెప్పేవాడు. "ఒప్పుకున్నది!"

సోఫా చేతులను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. పళ్లు బిగించాడు. భుజాలు కదలలేదు.

"చలి వెడుతుందా?" అన్నాడు జగన్మోహన్ నవ్వుతూ. "జర ఒళ్లు దులుపుకోరాదు."

స్పీకరులో ఢిల్లీ విమానానికి పిలుపు వచ్చింది. జగన్మోహన్ లేచి, శాలువా సర్దుకున్నాడు.

"లే తమ్మీ."

దేవదాసు ఒక చెయ్యి వదిలి, జేబులోంచి కారు తాళాలు తీసి పండ్ల ప్లేటు పక్కన పెట్టాడు.

"పటేలా," అన్నాడు.

నిన్నటి నుంచి నోట్లో ఇరుక్కున్నది ఊడిపడ్డట్టు ఉందా మాట. జగన్మోహన్ చుట్టూ చూసి, "అన్నా అను రా, ఎవలన్న ఇంటరు," అన్నాడు లోగొంతుతో.

"ముత్యాలమ్మ కాడ యాట ఒళ్లు దులుపకపోతే ఏం జేస్తం పటేలా?"

జగన్మోహన్ ఆలోచించలేదు. ఏటా చెప్పే మాటే అలవాటుగా వచ్చేసింది.

"ఇంకో చెంబు పోస్తం."

అన్నాక ఆగాడు. అద్దాల అవతల నితిన్ తండ్రి కోసం లోపలికి తొంగి చూస్తున్నాడు.

"పోన్రి పటేలా," అన్నాడు దేవదాసు. "నేనైతే ఒళ్లు దులుప."

మెడ మీది గుడ్డ నుంచి నీళ్లు ఇంకా దిగుతున్నాయి. స్పీకరు మళ్లీ పిలిచింది. ఈసారి పేరు పెట్టి పిలిచింది, దేవదాసు అని, చివర గారు కూడా చేర్చి. అతను సోఫా చేతులను ఇంకా గట్టిగా పట్టుకుని, కొత్త బూట్లను నేలకు ఆనించి, కదలకుండా కూర్చున్నాడు.